కాంటెస్సా టాపు మీద 910 మైక్రాన్లు: పెయింట్ మీటర్‌తో ఐదేళ్లు

కారు మీద రంగు మందం కొలిచే ఈ మీటర్ కొన్నది 2020లో, ఒకే ఒక్క కారు కోసం. పాలకొల్లులో 1996 మోడల్ కాంటెస్సా, 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజిన్‌ది, అమ్మకానికి ఉందని తెలిసింది. హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు 1984 నుంచి 2002 దాకా తీసిన బండి ఇది. అసలు డిజైన్ ఇంగ్లండ్‌లోని వాక్స్‌హాల్ వాళ్లది. కాగితం మీద సెడానే. కానీ ఆ పొడుగాటి బానెట్, నాలుగు గుండ్రటి లైట్లు చూసి మా భీమవరం కుర్రాళ్లు స్పోర్ట్స్ కారు కిందే జమకట్టేవారు. జమకట్టి ఊరుకున్నారా, కోసి పారేశారు కూడా. వెడల్పు టైర్లు పట్టాలని చక్రాల పైన రేకు కోయించడం, టాపుకి కన్నం పెట్టి సన్‌రూఫ్ వేయించడం ఆ రోజుల్లో పెద్ద గొప్ప. ఇప్పుడేమో పాత బండి ఒరిజినల్‌గా ఉంటేనే రేటు. అందుకని కోసినవన్నీ మళ్లీ పూడ్చి, లప్పం పెట్టి, నిగనిగలాడే రంగు కొట్టి అమ్ముతున్నారు.

మీటర్ అరచేతిలో ఇమిడిపోతుంది, మూడు వేల చిల్లర పడింది. రేకు మీద ఆనిస్తే పైన రంగు, లప్పం కలిపి ఎంత మందం ఉందో మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో చూపిస్తుంది. ఇనుముకీ అల్యూమినియానికీ రెండిటికీ పనిచేస్తుంది. కంపెనీ రంగు మామూలుగా 100 నుంచి 150 మధ్య ఉంటుంది. దాని మీద ఇంకోసారి కొడితే 200 నుంచి 300 దాకా. లప్పం పడిన చోట 500 దాటి ఎక్కడికైనా పోతుంది.

"ఆయ్, కంపెనీ పెయింటేనండి, గీత కూడా పడలేదు" అన్నారు బండి తాలూకు పెద్దాయన. డోర్లు 240, 260, బానెట్ 250. ఇరవై నాలుగేళ్ల బండికి మరోసారి రంగు వేయిస్తే తప్పేం లేదు. కాకపోతే ఆర్సీలో తెలుపు అని రాసి ఉంది, ఎదురుగా ఉన్నది నల్లబండి. దానికి మీటర్ కూడా అక్కర్లేదు.

అసలు కథ టాపు దగ్గర. ముందు అంచున 250. నాలుగు వేళ్లు వెనక్కి జరిపితే 910. ఇంకాస్త జరిపితే మళ్లీ 245. ఎక్కడ అంకె లేస్తే అక్కడ మాస్కింగ్ టేప్ ముక్క అంటించుకుంటూ వెళ్లాను. పావుగంటకి చుక్కలు కలిపిన ముగ్గులా నలుచదరం తేలింది. అంటే లప్పం పరిచింది మధ్యలో కాదు, సన్‌రూఫ్ కన్నం పూడ్చిన అతుకు వెంబడి. లోపల రూఫ్ లైటు ఊడదీసి, రెక్సిన్‌కీ రేకుకీ మధ్య వేళ్లు దూర్చాను. చింతపిక్కలు వరసగా అంటించినట్టు వెల్డింగ్ గరుకు తగిలింది. పెద్దాయన్ని కూడా చెయ్యి పెట్టి చూడమన్నాను. చూసి, కాసేపాగి, "మావాడు చేయించి ఉంటాడండి" అన్నారు. నిజంగానే ఆయనకు తెలియదనుకుంటాను.

వెనక కుడి చక్రం పైన అసలు అంకే రాలేదు, గీతలు వచ్చాయి. ఈ మీటర్ 1300 దాకానే కొలుస్తుంది. మొదట్లో బ్యాటరీ అయిపోయిందనుకుని మార్చాను కూడా. అంకె రాకపోతే అక్కడ లప్పం మరీ మందంగానైనా ఉండాలి, ఫైబర్ అయినా అయ్యుండాలి. ఫైబర్, ప్లాస్టిక్ మీద ఇది పనికిరాదు. అప్పుడు పాత పద్ధతే, కొబ్బరికాయ తట్టి చూసినట్టు వేలి కణుపుతో తట్టాలి. రేకైతే మోగుతుంది, లప్పమైతే దబ్‌మంటుంది. మాది దబ్‌మంది. చక్రం కింద దూరి టార్చి వేస్తే లోపల ఇనుప జల్లెడ కనబడింది. దాని మీద లప్పం మెత్తారు.

అయినా కొన్నాను. రేటు బాగా దిగింది మరి.

ఇక మీటర్‌ని నమ్మి నేను తిన్న దెబ్బ. ఎడమ వైపు డోరు కింద రేకు మీద 135 చూపించింది. బండి మొత్తంలో తక్కువ అంకె అదే, ఇక్కడైనా ఎవరూ చెయ్యి పెట్టలేదని సంతోషపడ్డాను. రెండో వర్షాకాలానికి అక్కడే రంగు పొక్కులు లేచింది. డెంటింగ్ మేస్త్రి విప్పి చూపించాక గానీ బుర్రకెక్కలేదు. బండంతా పాత రంగు మీద కొత్త రంగు పడి 250 చూపిస్తుంటే, 135 ఎలా వస్తుంది? పాత రేకు కోసేసి కొత్త రేకు అతికారు కాబట్టి దాని మీద ఒక్క రంగే ఉంది. అతుకు లోపలి వైపు ఏ పూతా పూయకుండా వదిలేశారు. నరసాపురం వైపు ఉప్పుగాలికి, చెరువుల చెమ్మకి అది లోపల్నుంచి తినుకుంటూ వచ్చింది. తుప్పు లోపలుంటే మీటర్‌కి తెలియదు. అప్పట్నుంచి కుడి డోరు అంకె పక్కన ఎడమ డోరు అంకె రాసుకుంటున్నాను. ఎక్కువైనా, తక్కువైనా తేడా కనబడితే అక్కడే కూర్చుంటాను.

ఈ ఐదేళ్లలో చుట్టాలకీ స్నేహితులకీ పాతిక బండ్ల దాకా చూసిపెట్టాను. వరద నీళ్లలో మునిగిన బండిని మాత్రం ఇది పట్టుకోలేదు. 2022 జులై గోదావరి వరద తర్వాత కోనసీమ నుంచి వచ్చిన ఒక మారుతి జెన్ కారుకి అంకెలన్నీ శుభ్రంగా వచ్చాయి. సీటు బోల్టుల దగ్గర కార్పెట్ ఎత్తితే ఒండ్రు ఉంది.

చిరాకులూ ఉన్నాయి. వాడే ప్రతిసారీ దాంతో వచ్చిన ఉత్త ఇనుప బిళ్ల మీద సున్నా చేసుకోవాలి, లేకపోతే ఇరవై ముప్పై అటూ ఇటూ చెబుతుంది. వంపుల దగ్గర, అంచుల దగ్గర అంకెని నమ్మకూడదు. మూడు నాలుగు సార్లు ఆనించాల్సిందే. బండి మీద మంచు, మట్టి ఉంటే తుడవాలి. బ్యాటరీలు లోపలే వదిలేస్తే ఒకసారి కారి స్ప్రింగ్ తుప్పు పట్టింది. తుప్పు వెతికే మీటర్‌కి తుప్పు!

ఐదుకి నాలుగు ఇస్తాను. పాత బండి కొనేవాళ్లు దీంతోపాటు టార్చి, మాస్కింగ్ టేపు కూడా పట్టుకెళ్లండి. నాది ప్రస్తుతం మా బావమరిది దగ్గరుంది. తణుకులో ఏదో మారుతి ఎస్టీమ్ కారు చూస్తానని రెండు వారాల క్రితం పట్టుకెళ్లాడు. ఎస్టీమ్ వద్దనుకున్నాడట, మీటర్ మాత్రం ఇంకా రాలేదు.