వాహనంలో రేడియో ఉన్నవారికి హెచ్చరిక: ‘అంతరాయం లేదు’ అని రాసి అమ్మే కారు ఛార్జర్లు, వాటి రొదను ఆపుతామనే ఫిల్టర్లు

వాహనంలో టూ-వే రేడియో అమర్చుకున్నవారు, ముఖ్యంగా 144 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఎఫ్‌ఎం మీద మాట్లాడుకునే హామ్ (లైసెన్సు తీసుకొని అభిరుచిగా రేడియోలో మాట్లాడుకునే) మిత్రులు, సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టుకునే యూఎస్‌బీ ఛార్జర్ కొనబోయే ముందు దీనిని చదవాలని కోరుతున్నాను. నేను వెంటవెంటనే రెండు వస్తువులు కొని నష్టపోయాను. మొదటిది డాష్‌క్యామ్ (దారిని వీడియో తీసే కారు కెమెరా) కోసం కొన్న ఛార్జర్. రేడియోకు ఎటువంటి అంతరాయమూ కలిగించదని దాని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించి ఉంది. రెండవది, ఆ ఛార్జర్ తెచ్చిపెట్టిన రొదను, అంటే అనవసర రేడియో తరంగాలను, పోగొట్టుకుందామని కొన్న నాయిస్ ఫిల్టర్. పోయిన డబ్బు కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టినది వేరొకటి ఉంది. దాదాపు రెండు నెలలపాటు నా రేడియో సగం చెవుడుతో పనిచేస్తున్నదన్న సంగతే నాకు తెలియలేదు. ఆపదలో ఉన్నవారు ఎవరైనా ఆ రోజుల్లో బలహీనమైన సిగ్నల్‌తో పిలిచి ఉంటే నేను వినేవాడిని కాను.

తెలియకపోవడానికి కారణం ఎఫ్‌ఎం రేడియో స్వభావంలోనే ఉంది. ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే యంత్రం) కూత, స్పార్క్ ప్లగ్గుల చిటపటలు అయితే చెవికి తెలుస్తాయి గనుక మనం వెంటనే వెతకడం మొదలుపెడతాము. కాని ఛార్జర్ వంటి పరికరం వెదజల్లే రొద ఎఫ్‌ఎం రిసీవర్‌లో చాలాసార్లు ఏ శబ్దమూ చెయ్యదు. సిగ్నల్ లేనప్పుడు స్క్వెల్చ్, అంటే స్పీకర్‌ను మౌనంగా ఉంచే ఏర్పాటు, మూసుకొని ఉంటుంది. రొద మట్టం పెరిగినా అది మూసుకొనే ఉంటుంది. ఆ రొద కంటే బలమైన సిగ్నల్ వచ్చినప్పుడే తెరుచుకుంటుంది. స్క్వెల్చ్‌ను చేత్తో పూర్తిగా తెరిచి విన్నా, మామూలుగా వచ్చే బుస శబ్దానికీ ఛార్జర్ వల్ల వచ్చే బుస శబ్దానికీ తేడా చెవికి దొరకదు. దగ్గరలోని రిపీటర్ (సిగ్నల్‌ను అందుకొని బలంగా తిరిగి పంపే కేంద్రం) ఎప్పటిలాగే స్పష్టంగా వినిపిస్తుంది. వినిపించకుండా పోయేవి దూరపు సిగ్నళ్లు, చేతి రేడియోల సిగ్నళ్లు మాత్రమే. రాని పిలుపు రాలేదని ఎవరికి తెలుస్తుంది?

నాకు తెలిసినది రెండు వాహనాలలో కలిసి ప్రయాణం చేసిన రోజున. వెనుక కారులో ఉన్న మిత్రుడు చేతి రేడియోతో నన్ను పదేపదే పిలిచాడట. నాకు ఒక్క మాటా వినిపించలేదు. నేను మాట్లాడినది మాత్రం అతనికి బాగా వినిపించింది. ఇంటికి వచ్చాక యాంటెన్నా మీద అనుమానంతో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రేడియోకు ఎంత బాగా కుదిరిందో చెప్పే కొలత) కొలిచాను, కనెక్టర్ మార్చి మళ్లీ సోల్డర్ చేశాను, చివరకు కోయాక్సియల్ కేబుల్ మొత్తం మార్చాను. అన్నీ సక్రమంగానే ఉన్నాయి, ఫలితం మాత్రం మారలేదు.

నా రేడియోలో హెచ్‌ఎఫ్ (తక్కువ మెగాహెర్ట్జ్‌ల షార్ట్‌వేవ్ ప్రాంతం) కూడా ఉండటం ఆ సమయంలో మేలు చేసింది. 7 మెగాహెర్ట్జ్‌కు వెళ్లి మెల్లగా ట్యూన్ చేస్తే, సుమారు ప్రతి 150 కిలోహెర్ట్జ్‌కు ఒకచోట రొద గుట్టలా లేచి, మళ్లీ తగ్గుతూ కనిపించింది. స్విచింగ్ పద్ధతిలో వోల్టేజీని తగ్గించే సర్క్యూట్‌కు ఇది వేలిముద్ర వంటిది. కారులోని 12 వోల్టులను 5 వోల్టులకు దించడానికి అందులోని చిప్ కరెంటును సెకనుకు లక్షసార్లకు పైగా తెరుస్తూ మూస్తూ ఉంటుంది; తెరిచే, మూసే అంచులు ఎంత పదునుగా ఉంటే వాటి హార్మోనిక్‌లు (ఆ వేగానికి గుణిజాలైన తరంగాలు) అంత పైకి, వందల మెగాహెర్ట్జ్ వరకు పాకుతాయి. ఆ గుట్టల మధ్య దూరమే చిప్ స్విచింగ్ వేగం. ఈ సంగతి ఆనాడే ఆలోచించి ఉంటే రెండవ నష్టం తప్పేది. కాని కారులో రొద అనగానే ఆల్టర్నేటరే అనే పాత అలవాటుతో నేను పవర్ లైన్‌లో పెట్టే ఫిల్టర్ కొన్నాను. ఇంజన్ ఆపిన తరువాత కూడా రొద అలాగే ఉన్నదని గమనించి కూడా కొన్నాను. ఆ తప్పు నాదే.

ఫిల్టర్ విషయంలో అమ్మకందారు చేసినదానిని మాత్రం తప్పు అనే చిన్న మాటతో వదిలిపెట్టలేను. దాని మీద 20 ఆంపియర్లు అని ముద్రించి ఉంది. నా రేడియో వీహెచ్‌ఎఫ్‌లో (144 మెగాహెర్ట్జ్ ఉన్న ప్రాంతంలో) 50 వాట్లతో సిగ్నల్ పంపేటప్పుడు సుమారు 12 ఆంపియర్లు తీసుకుంటుంది కనుక చాలినంత కంటే ఎక్కువే అనుకున్నాను. బిగించిన తరువాత ఇంజన్ ఆపి ఉంచి పంపడానికి మైక్ బటన్ నొక్కగానే రేడియో ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు పంపగలిగాను గాని, రెండు నిమిషాలకే ఫిల్టర్ డబ్బా చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కింది. ఫిల్టర్‌కు ముందు, తరువాత వోల్టేజీ కొలిచి చూస్తే, పంపేటప్పుడు 1.8 వోల్టులు అందులోనే పోతున్నాయి. అంటే దాని నిరోధం 0.15 ఓంలు, 12 ఆంపియర్ల వద్ద దాదాపు 22 వాట్ల వేడి. 13.8 వోల్టుల రేడియోలు చాలావరకు 15 శాతం అటూ ఇటూ, అనగా సుమారు 11.7 వోల్టుల వరకే హామీగా పనిచేస్తాయి. ఇంజన్ ఆగినప్పుడు బ్యాటరీలో ఉండే పన్నెండున్నర వోల్టులలో 1.8 పోతే ఆ హద్దు దాటి కిందికి పడిపోయినట్లే. డబ్బా విప్పితే లోపల ఒక సన్నని తీగ చుట్టిన చోక్ (రొదను అడ్డుకునే తీగచుట్ట), ఒక చిన్న కెపాసిటర్ కనిపించాయి. ఆ తీగ మందం చూసినవారెవరూ అది 20 ఆంపియర్లను మోయగలదని అనరు. తలుపుకూ తివాచీకీ మధ్య దాచి బిగించే వస్తువు ఇది. ఇంత వేడి పుట్టించే డబ్బా కనబడనిచోట ఉండటం అగ్నిప్రమాదానికి దారి తీయవచ్చు కనుక, ఇటువంటి ఫిల్టర్ ఇప్పటికే బిగించుకున్నవారు ఈ రోజే ఒకసారి రేడియోతో రెండు నిమిషాలు పంపి, దానిమీద చెయ్యి పెట్టి చూడండి.

పైగా, ఆ ఫిల్టర్ నాణ్యమైనదే అయినా నా చిక్కుకు పనికివచ్చేది కాదు. రొద ఏ దారిలో వస్తున్నదో తెలుసుకోకుండా ఏ ఫిల్టరూ కొనకండి. అందుకు ఖర్చు లేని పరీక్ష ఉంది: యాంటెన్నా కేబుల్‌ను రేడియో వెనుక నుంచి విప్పి, దాని స్థానంలో 50 ఓంల డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు పెట్టే నిరోధం) పెట్టండి. డమ్మీ లోడ్ లేకపోతే ఖాళీగా వదిలి వినవచ్చు, కాని ఆ స్థితిలో పొరపాటున కూడా మైక్ బటన్ నొక్కకూడదు. రొద అలాగే ఉంటే అది పవర్ తీగల ద్వారా వస్తున్నది. మాయమైతే యాంటెన్నా ద్వారా, అంటే గాలిలో నుంచి వస్తున్నది. నా రేడియోలో అది పూర్తిగా మాయమైంది. అటువంటప్పుడు పవర్ లైన్‌లో ఎంత గొప్ప ఫిల్టర్ పెట్టినా, కిటికీలో నుంచి వచ్చే దుమ్మును ఆపడానికి తలుపు మూసినట్లే అవుతుంది. ఆల్టర్నేటర్ కూత వేరు: దాని శ్రుతి ఇంజన్ వేగంతో పాటు పెరుగుతుంది, చాలాసార్లు యాంటెన్నా తీసినా ఉంటుంది, మనం పంపే మాటలో కూడా కలిసి అవతలివారికి వినిపిస్తుంది. దానికి ఫిల్టర్ కంటే ముందు చేయవలసిన పని, రేడియో తీగలను సాకెట్ నుంచి కాకుండా ఫ్యూజులతో సహా నేరుగా బ్యాటరీ వద్దకు తీసుకువెళ్లడం. నెగటివ్ టెర్మినల్ మీద కరెంటు సెన్సార్ ఉన్న కొత్త వాహనాలలో నెగటివ్ తీగను టెర్మినల్‌కు కాక, సెన్సార్‌కు అవతల బాడీకి బిగించే చోట కలపాలి.

అసలు దొంగను పట్టుకోవడానికి నాకు పావుగంట కూడా పట్టలేదు. రొద వినబడే ఫ్రీక్వెన్సీ మీద రేడియోను ఉంచి, నేను తరువాత తెచ్చి పెట్టుకున్న వస్తువులన్నీ ఒక్కొక్కటే పీకాను. ఛార్జర్ పీకగానే నిశ్శబ్దం. చాలామంది మొదటే ఫ్యూజుల పెట్టె తెరుస్తారు. అది చివరి పని కావాలి. ఎయిర్‌బ్యాగ్, బ్రేకులకు సంబంధించిన ఫ్యూజులను ఈ వెతుకులాటలో ముట్టుకోకూడదు. ఇంజన్ ఆపి తాళంచెవి తీసిన తరువాత కూడా వాహనంలోని కొన్ని కంట్రోల్ యూనిట్లు కొన్ని నిమిషాలపాటు మేలుకొనే ఉంటాయి కనుక, ఇంజన్ ఆపాక కాసేపు ఆగి వింటేనే సరైన సంగతి తెలుస్తుంది.

వీహెచ్‌ఎఫ్‌లో ఎంత నష్టం జరిగిందో కొలవడానికి ఆ మిత్రుడి సాయమే తీసుకున్నాను. ఛార్జర్ పీకి ఉంచినప్పుడు అతని మాట నాకు కొద్దిగా బుసతో అర్థమయ్యేంత దూరానికి అతడు వెళ్లి, చేతి రేడియోను 0.5 వాట్ల మీద పెట్టి మాట్లాడాడు. ఛార్జర్ పెట్టి, డాష్‌క్యామ్ నడుస్తుండగా అదే చోటు నుంచి అతని మాట అదేవిధంగా వినడానికి 5 వాట్లు కావలసి వచ్చింది. పది రెట్ల శక్తి, అంటే 10 డెసిబెల్‌ల నష్టం. అడ్డులేని చోట 6 డెసిబెల్‌లు పోతేనే వినగలిగే దూరం సగమవుతుంది. ఛార్జర్‌కు ఏమీ తగిలించకుండా ఖాళీగా పెట్టినప్పుడు నష్టం చాలా స్వల్పంగా ఉన్నది. కాబట్టి పరీక్షించేవారు తప్పనిసరిగా లోడ్‌తోనే పరీక్షించాలి. ఖాళీ ఛార్జర్ నిశ్శబ్దంగా ఉంటే మోసపోకండి.

ఛార్జర్‌ను విప్పి చూసినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. బోర్డు మీద ఇన్‌పుట్ చోక్ కోసం గుర్తు, రంధ్రాలు ఉన్నాయి. చోక్ మాత్రం లేదు, దాని స్థానంలో ఒక తీగ ముక్కను సోల్డర్ చేశారు. రొదను లోపలే ఆపే రేకు కవచం కూడా లేదు. అంటే సర్క్యూట్ గీసినవారికి ఏమి కావాలో తెలుసు. తయారు చేసేటప్పుడు దానిని మిగుల్చుకున్నారు. ఆపైన నేను చేసిన అమరిక కూడా పరిస్థితిని చెడగొట్టింది: డాష్‌క్యామ్‌కు వెళ్లే తీగను నీటుగా ఉండాలని అద్దం పక్క స్తంభం వెంబడి పైకప్పు అంచుకు తీసుకువెళ్లాను, యాంటెన్నా కేబుల్ లోపలికి వచ్చేది కూడా అక్కడే. 144 మెగాహెర్ట్జ్ వద్ద అర్ధ తరంగదైర్ఘ్యం సుమారు ఒక మీటరు. దాదాపు ఆ పొడవున్న తీగ ఏదైనా మంచి యాంటెన్నాగా పనిచేస్తుంది.

అమ్మకందారుకు రాసినప్పుడు వచ్చిన జవాబు గుర్తుంచుకోదగినది. తమ వస్తువు “రేడియో” వినడానికి అడ్డు రాదని, ఎఫ్‌ఎం పాటలు వింటూ పరీక్షించామని చెప్పారు. ప్రసార కేంద్రాల నుంచి వచ్చే సిగ్నల్ నగరంలో ఎంతో బలంగా ఉంటుంది. దానిని కప్పివేయలేని రొద, చేతి రేడియో సిగ్నల్‌ను సులభంగా మింగేస్తుంది. ‘అంతరాయం లేదు’ అనే మాట పెట్టె మీద కనిపిస్తే, దాని అర్థం ఇంతకంటే ఎక్కువ ఉండదని అనుకొనే కొనండి. వస్తువును విప్పాను కనుక డబ్బు తిరిగి ఇవ్వబోమని అన్నారు. మీరు ఈ పొరపాటు చేయకండి: విప్పకముందే పరీక్ష చేసి, ఛార్జర్ పెట్టినప్పుడు, పీకినప్పుడు ఎస్-మీటర్ (సిగ్నల్ బలాన్ని ఎస్-యూనిట్లలో చూపేది) ఎలా మారుతున్నదో వీడియో తీసి ఉంచుకొని, వాపసు గడువు లోపలే పంపండి.

ముద్రల గురించి కూడా ఒక మాట చెప్పాలి. వాహనంలోని రిసీవర్లను కాపాడటానికి ఉద్దేశించిన ప్రమాణం సిస్పర్ 25. ఛార్జర్ తయారీదారు దానికి అనుగుణంగా పరీక్షించామని, ఏ తరగతి హద్దులో నెగ్గామో చెప్పగలిగితే ఆ మాటకు విలువ ఉంటుంది. వృత్తంలో ‘ఈ’ అక్షరం, పక్కన అంకె ఉన్న ముద్ర ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 10 కింద వచ్చేది కావచ్చు. అది ఉండటం మంచిదే గాని, ఆ నిబంధనలో పరికరాలు గాలిలోకి వెదజల్లే రొదను కొలిచేది 30 నుంచి 1000 మెగాహెర్ట్జ్ వరకే. 7 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడేవారికి అది హామీ ఇవ్వదు.

తీగ వెంబడి వచ్చే రొదను అడ్డుకునే ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీ వంటి పదార్థం) క్లిప్పులు కూడా ప్రయత్నించాను. తీగ మీద ఒక్కసారి తగిలించిన క్లిప్ వల్ల తేడా తెలియలేదు. 31 రకం ఫెర్రైట్ రింగు తెచ్చి, ఛార్జర్‌కు అతి దగ్గరగా తీగను దానిలో నుంచి నాలుగు చుట్లు తిప్పితే హెచ్‌ఎఫ్‌లో రొద బాగా తగ్గింది. అడ్డగింపు చుట్ల సంఖ్య వర్గంతో పాటు పెరుగుతుంది కనుక ఒక చుట్టుకూ నాలుగు చుట్లకూ పోలికే లేదు. వీహెచ్‌ఎఫ్‌లో మాత్రం చుట్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండటం వల్ల అంత లాభం రాలేదు. ఏ రకమో చెప్పకుండా సంచిలో పోసి అమ్మే క్లిప్పుల మీద డబ్బు పెట్టవద్దు.

చివరకు ఛార్జర్‌ను తీసివేసి, డాష్‌క్యామ్‌కు స్విచింగ్ లేని లీనియర్ రెగ్యులేటర్ అమర్చాను. క్యామ్ తీసుకునేది అర ఆంపియర్ కనుక 13.8 నుంచి 5 వోల్టులకు దించడంలో సుమారు 4.4 వాట్ల వేడి పుడుతుంది. దానికి తగిన హీట్ సింక్‌ను (వేడిని వెదజల్లే లోహపు ముక్కను) గాలి తగిలేచోట, రేకుకు ఆనించి బిగించాను. ఫోన్ ఛార్జింగ్‌కు ఇది చాలదు, 2 ఆంపియర్లు తీసుకుంటే వేడి నాలుగు రెట్లు అవుతుంది. ఇప్పుడు మిత్రుడి 0.5 వాట్ల మాట అదే చోటు నుంచి నాకు వినిపిస్తున్నది. డాష్‌క్యామ్ లోపలి నుంచే వచ్చే ఒక సన్నని ఈల 7 మెగాహెర్ట్జ్‌లో ఇంకా మిగిలి ఉంది; క్యామ్ తీగను యాంటెన్నా కేబుల్‌కు ఎదురు వైపు స్తంభం వెంబడి తిప్పిన తరువాత అది రెండు ఎస్-యూనిట్లు తగ్గింది.