కుడి మోకాలికి ఏడేళ్ళు దాటింది, ఇప్పుడు ఎడమది

మాది కావలి. 2018 జనవరిలో నెల్లూరులో కుడి మోకాలు మార్పించుకున్నా. మా వీధిలో అందరూ చిప్ప మార్చారంట అంటారు గానీ చిప్ప నాదే, తొడ ఎముక చివర, దాని కింద ఎముక పైన అరిగింది చెక్కేసి మెటల్ తొడిగి మధ్యలో ప్లాస్టిక్ బిళ్ళ పెట్టారు. అంతకుముందు ఆగస్టులోనే ఆ లోపల పెట్టే సామానుకి ఇంతకంటే ఎక్కువ తీసుకోకూడదని కేంద్రం రేటు కట్టేసింది, కోబాల్ట్ క్రోమియం అనే మెటల్ రకం 54,720 రూపాయలు, జీఎస్టీ వేరే. లేకుంటే మా వల్ల అయ్యేది కాదు.

నొప్పి మాత్రం పోయింది. రాత్రిళ్ళు కాలు ఎటు పెట్టాలో తెలీక ఏడ్చేదాన్ని, ఆ బాధ మళ్ళీ రాలా. కింద కూర్చోడం మర్చిపోవాల్సిందే, పండగ నెల ముగ్గులు కూడా కోడలే వేస్తాది, నేను కుర్చీలో కూర్చుని చుక్కలు లెక్కపెడతా. ఇంకోటి ముందు ఎవరూ చెప్పలా, కుట్టుకి బయటి పక్క అరచేయంత జాగాలో ఇప్పటికీ స్పర్శ లేదు, చర్మానికి పోయే సన్న నరం కోతలో తెగతాదంట, చీర తగిలినా తెలీదు.

నేను చేసిన తప్పు ఒకటుంది. ఇంటికొచ్చాక హాయిగా ఉందని పదిరోజులు మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకున్నా, దాంతో కాలు నిటారుగా చాపడం రాకుండా పోయింది, ఫిజియో అబ్బాయి వచ్చి చూసి దిండు లాగేసి మడమ కింద టవల్ చుట్ట పెట్టి మోకాలు కిందికి నొక్కమన్నాడు, అమ్మో ప్రాణం పోయినంత పనైంది. వంగడానికేమో కుర్చీలో కూర్చుని పాదం కింద పాలిథిన్ కవర్ వేసి గచ్చు మీద వెనక్కి జార్చేదాన్ని. రెండు నెలలు పట్టింది దారికి రావడానికి.

ఇప్పుడు ఎడమది చూపించుకుంటే రోబోతో చేస్తాం, దానికి ఎక్స్‌ట్రా అన్నారు. మా అక్క మనవడు డాక్టరు చదువుతున్నాడు, వాడు రీసెర్చ్ పేపర్లు తీసి చదివి చెప్పాడు. రోబోతో కోత కొలత కరెక్టుగా వస్తాదంట, నిజమే, కానీ కొరియాలో రెండు రకాలుగా చేసినోళ్ళని పదేళ్ళకి పైగా చూసి 2020లో రాస్తే నొప్పిలో, నడకలో, మన్నికలో తేడా కనపడలేదంట. అది పాత రోబో అనుకోండి. మామూలువే నూటికి 82 దాకా పాతికేళ్ళు నిలుస్తాయని 2019లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో వచ్చిందంట, నాకిప్పుడు అరవై ఏడు, ఇంకేం కావాలి. అయినా అయిదుగురిలో ఒకరికి దాకా తృప్తి ఉండదని కూడా చదివాడు, ఎదురింటావిడ ఆ లెక్కలోదే, ఆమె ఎక్సర్‌సైజు మూడో రోజే మానేసింది, కారణం అదేనో కాదో గానీ.

మామూలుదే చేయించుకుంటా, ఆ రోబో డబ్బులేవో ఫిజియోకి ఇస్తా. సంక్రాంతి పోయాక రమ్మన్నారు. దిండ్లన్నీ ఇప్పుడే అటక ఎక్కించేశా.