నాలుగేళ్ల ఆక్సోలాటిల్: ఆ నవ్వు మొహాన్ని నమ్మకండి

మా ఇంటికి ఎవరొచ్చినా ట్యాంకు ముందు నిలబడి అనే మొదటి మాట, "అయ్యో, నవ్వుతోందే!" అని. నవ్వడం లేదండీ. దాని నోరే అంత. కడుపు నిండినా అదే మొహం, ఒళ్లు బాగోలేకపోయినా అదే మొహం. ఈ సంగతి అర్థం కావడానికి నాకు ఒక వేసవి కాలం, చాలా డాలర్లు పట్టాయి.

మేముండేది డాలస్ పక్కన ప్లేనోలో. 2021లో మైన్‌క్రాఫ్ట్ వీడియో గేమ్‌లోకి ఆక్సోలాటిల్ వచ్చాక, మావాడికి ఆటలోది చాల్లేదు, ఇంట్లోకీ కావాల్సి వచ్చింది. ఆ నవంబరులో వేలెడంత పిల్లని తెచ్చాం. తెల్లగా ఉందని వాడే 'మీగడ' అని పేరు పెట్టాడు. ఇప్పుడు తొమ్మిది అంగుళాలు. తలకి అటు మూడు, ఇటు మూడు ఎర్రటి మొప్పలు, జడకుచ్చుల్లా బయటికే వేలాడుతుంటాయి. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు చూసి, "ఇది చేపట్రా, బల్లిట్రా?" అంది. రెండూ కాదు. జీవితమంతా నీళ్లలోనే, పిల్ల రూపంలోనే ఉండిపోయే సాలమాండర్, అంటే కప్పలకి చుట్టమైన తోక జీవి.

దీని సొంతూరు మెక్సికో సిటీ అంచునున్న షోచిమిల్కో కాలవలు. ఆ నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి నీళ్లు చల్లగా ఉంటాయి. దీనికి 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ హాయి. మా ఇంట్లో వేసవిలో ఏసీ పెట్టేది 76 ఫారన్‌హీట్, అంటే 24 పైమాటే. మనకి సుఖం, దానికి జ్వరం వచ్చినంత పని.

మొదటి వేసవిలో అదే జరిగింది. మే నెలలో తిండి తగ్గించింది. వేసవి కదా, మనకీ ఆకలి మందగిస్తుంది అనుకున్నాను. కుచ్చుల ఎరుపు పాలిపోయింది. ఒక రోజు పొద్దున చూస్తే ఎడమ మొప్ప చివర దూది ముక్క అంటుకున్నట్టు ఫంగస్. మొహం మాత్రం నవ్వుతూనే ఉంది! ఇలాంటి జీవుల్ని చూసే డాక్టరు దగ్గరికి నలభై నిమిషాలు కారులో తీసుకెళ్లాం. వేరే టబ్బులో చల్లటి నీళ్లు, ఆయన చెప్పిన కొలతలో రోజూ పది నిమిషాలు ఉప్పునీళ్ల స్నానం. వారానికి తెరిపిన పడింది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఐసు చేసిన నీళ్ల సీసాలు ట్యాంకులో వేశాను. ఆఫీసుకి వెళ్లొచ్చేసరికి కరిగిపోయి వేడి మళ్లీ మామూలే. ఒకే రోజులో అలా ఎక్కి దిగడం ఇంకా చెడ్డదని డాక్టరు కసిరితే చివరికి చిల్లర్, అంటే ట్యాంకు నీళ్లని చల్లబరిచే యంత్రం కొన్నాను. జీవి ఖరీదుకి ఏడు రెట్లు. "చిల్లరకి అంత డబ్బెందుకురా" అని అమ్మ జోకు. నాలుగేళ్లలో నేను పెట్టిన ఖర్చుల్లో నూటికి నూరు మార్కులు దీనికే. లోపాలు లేవని కాదు. వెనకనుంచి వేడిగాలి కొడుతుంది, ఆ గది ఉక్కపోత. తిరిగొచ్చే నీళ్ల ధార జోరుగా ఉంటుంది. పెట్టిన మర్నాడే మీగడ మొప్పలు ముందుకి ముడుచుకుని, తోక చివర కొక్కెంలా వంగింది. ధారని గోడవైపు తిప్పితే రెండు రోజుల్లో సర్దుకుంది. అప్పటినుంచి నేను మొహం చూడను. పొద్దున్నే కాఫీ కప్పుతో వెళ్లి మొప్పలు, తోక చివర, ఈ రెండే చూస్తాను.

నీళ్ల సంగతికొస్తే, షాపువాళ్లు ట్యాంకు, జీవి ఒకే రోజు అమ్మేశారు. జీవి వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే అమ్మోనియా అనే విషాన్ని తినే బ్యాక్టీరియా ఫిల్టర్లో స్థిరపడటానికి నెలా రెండు నెలలు పడుతుందని చెప్పలేదు. ఆరు వారాలు టబ్బులో పెట్టి రోజూ నీళ్లు మార్చాను. అమ్మోనియా టెస్ట్ కిట్ గొట్టంలో రంగు పసుపుగా ఉంటే ప్రాణం కుదుటపడేది, ఆకుపచ్చకి తిరిగితే టెన్షన్. కుళాయి నీళ్లు రాత్రంతా బకెట్లో పట్టి ఉంచితే చాలనుకున్నాను, మన అలవాటు కదా. మా దగ్గర క్రిములు చావడానికి నీళ్లలో కలిపేది క్లోరమైన్, అది అలా ఊరికే పోదు. దాన్ని విరిచే మందు చుక్కలు వేయాల్సిందే.

అదే షాపు రంగురాళ్లు కూడా అంటగట్టింది. ఇది తిండిని కొరకదు, నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి లాగేస్తుంది. రెండో ఏడాది ఒక రోజు తోక పైకి లేచి తేలుతూ కనబడింది. కిందికి దిగాలని ఈదుతుంది, మళ్లీ బుడగలా పైకొస్తుంది. ఎక్స్‌రేలో కడుపులో రాయి. చల్లదనంలో ఉంచితే తనే బయటికి పంపవచ్చని, చూసి ఆపరేషన్ సంగతి ఆలోచిద్దామని అన్నారు. అలా మీగడ మూతపెట్టిన డబ్బాలో మా ఫ్రిజ్ ఎక్కింది. ఒకపక్క పెరుగు గిన్నె, ఇంకోపక్క గోంగూర పచ్చడి. మా ఆవిడ నాలుగు రోజులు ఆ అర వైపు చూడలేదు, పాలు కూడా నాచేతే తీయించింది. రోజూ చల్లటి నీళ్లు మార్చడం, డబ్బా అడుగున వెతకడం. ఐదో రోజు శనగగింజంత నీలం రాయి! ఇంట్లో పండగే. ఆ సాయంత్రమే రాళ్లన్నీ తీసి పారేశాను. ఇప్పుడు అడుగున ఏమీ లేదు. చూడ్డానికి బోసిగా ఉంటుంది, ఉండనీ.

మామూలు వేషాలకి కంగారు పడక్కర్లేదు. అప్పుడప్పుడూ పైకొచ్చి గుటకేసి గాలి పీల్చడం సహజమే. అద్దం వెంట ఆగకుండా పైకీ కిందికీ తిరుగుతుంటే మాత్రం నీళ్లు పరీక్షించండి. కనురెప్పలుండవు కాబట్టి లైటు పడదు. ముద్దు చేయడానికి చేత్తో పట్టుకోకూడదు, ఒంటిమీది జిగురు పొర పోతుంది. మావాడికి ఇది పెద్ద నిరాశ. తోడుకి ఇంకొకటి తెద్దామన్నాడు, వద్దన్నాను. చిన్నప్పుడు ఒకదాని కాళ్లు ఒకటి కొరుక్కుంటాయి. కాళ్లు మళ్లీ మొలుస్తాయన్నది నిజమే. పెద్దయ్యాక ఆడా మగా అయితే వందల్లో గుడ్లు. శాన్ హోసేలో ఉన్న మా బావమరిది కూడా అడుగుతున్నాడు. కాలిఫోర్నియాలో పెంచడం చట్టవిరుద్ధం, అంతటితో ఆ చర్చ ముగిసింది.

పిల్లలకి కొనిచ్చే పెంపుడు జీవిగా ఐదుకి రెండున్నర. ఓపికున్న పెద్దవాళ్లకైతే నాలుగు. పది పదిహేనేళ్లు బతుకుతుంది. మావాడు కాలేజీకి వెళ్లినా దాని తిండికి ఎర్రలు (వానపాములు) తరిగేది నేనే. గరాజ్ ఫ్రిజ్‌లో ఎర్రల డబ్బా చూసి అమ్మ, "మన చెరువుగట్టున తవ్వితే ఊరికే వస్తాయి, వీటికి డబ్బులా?" అని నోరు నొక్కుకుంది.

పోయిన డిసెంబరులో గుంటూరు వెళ్లినప్పుడు పక్కింటాయనకి అప్పగించాం. ఆయన సాయంత్రం, మాకు పొద్దున. కాఫీ తాగుతూ వీడియో కాల్‌లో "కొంచెం తోకవైపు చూపించండి" అని నేనంటుంటే వెనకనుంచి అమ్మ, "ముందు ఎర్రలు వేశాడో లేదో అడుగు" అంది.