బడి ఆవరణకు సహజ రాళ్లు: ఏళ్ల తరబడి వాడాక నా అనుభవం

గుంటూరులో నేను పనిచేసే బడిలో గేటు నుంచి తరగతుల దాకా నడకదారికి తాండూరు బండలు, చెట్ల చుట్టూ అరుగులకు కడప నల్లబండలు, స్టేజీ మెట్లకు గ్రానైట్ వేశారు. ఆవరణ బాగోగులు నావే కాబట్టి ఎండకీ వానకీ వీటి తీరు దగ్గరుండి చూశాను. రాయికి పెద్దగా వంక పెట్టను. పరిచిన తీరుకే పెడతాను.

మాది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. "సిమెంటేస్తేనే గట్టి సార్" అని కాంట్రాక్టరు దారిలో సగం సిమెంటు మీదే పరిచాడు. రెండు వానాకాలాలు తిరిగేసరికి సందులు పగిలి, బండలు ఒకపక్క లేచి, పిల్లల కాళ్లకు తట్టుకోవడం మొదలైంది. ఒక్క బండ పీకాలన్నా పక్కది విరుగుతుంది. మిగతా సగం మాత్రం నల్లమట్టి తవ్వి తీసి, గ్రావెల్ దిమ్మిస కొట్టి, పైన క్రషర్ డస్ట్ (కంకర కొట్టేటప్పుడు వచ్చే రాతిపొడి) మీద పరిచారు. అదీ అక్కడక్కడా కుంగింది. కానీ గడ్డపారతో బండ లేపి, కింద కాస్త డస్ట్ పోసి మళ్లీ దింపితే సరి, మా తోటమాలే చేసేస్తాడు. పైగా సందుల్లోంచి నీళ్లు ఇంకి వేపచెట్లు ఏపుగా ఉన్నాయి. అంచు రాళ్లు మాత్రం గట్టిగా పాతించాలి, లేకపోతే డస్ట్ పక్కకు జారిపోతుంది.

కడప నల్లబండ నీడలో అయితే హాయి. నీడ లేనిచోట దండగ: ఒంటిపూట బడులు మొదలయ్యాక పదకొండు గంటలకే చెయ్యి ఆనదు. ఎండకు ఆ నలుపు కూడా వెలిసి బూడిదరంగుకు దిగింది.

వరండా ముందు పాలిష్ బండలు వేశారు. ఆరుబయట పాలిష్ ఏమిటో! తొలకరికే పిల్లలు జారిపడ్డారు. చివరికి మేస్త్రీ ఉలితో అడ్డంగా గాట్లు కొట్టాక గానీ మాకు టెన్షన్ తగ్గలేదు.

తాండూరు, కడప బండలు రెండూ సున్నపురాళ్లే. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కిందీ పల్నాడు సున్నపురాయి మీదే, కాబట్టి మన్నికకు ఢోకా లేదు. యాసిడ్ మాత్రం పడదు. బాత్రూమ్ యాసిడ్‌తో కడిగితే బుసబుస పొంగి, నున్నదనం పోయి తెల్లమచ్చ మిగిలింది. నిమ్మరసం ఒలికినా జాడ ఉంటుంది. సబ్బునీళ్లు, కొబ్బరి చీపురు చాలు.

గ్రానైట్ మెట్లు మంటతో గరుకు చేసినవి. ధర తప్ప ఫిర్యాదు లేదు.

మొక్కల చుట్టూ గులకరాళ్లు పోయమని ఎవరైనా అంటే వినకండి. మా దగ్గర అవి పిల్లల జేబుల్లోకి, అక్కణ్ణుంచి మామిడికాయల మీదికి వెళ్లిపోయాయి. బస్సు తిరిగే చోట కూడా ఈ పలచటి బండలు ఆగవు, అక్కడ కాంక్రీటే నయం.

కొత్త బ్లాకు ముందు మళ్లీ గరుకు తాండూరే వేయిస్తున్నాం, ఈసారి మొత్తం డస్ట్ మీదే. విరిగితే మార్చడానికి కొన్ని బండలు ఎక్కువ తెప్పించి గోడ వారగా నిలబెట్టమన్నాను, తర్వాత అదే రంగు దొరకడం కష్టం.