హమ్మింగ్‌బర్డ్ ఫీడర్: మన తేనెపిట్టలకు పనికొస్తుందా?

ఆన్‌లైన్‌లో కొన్న హమ్మింగ్‌బర్డ్ ఫీడర్, అంటే పిట్టలు తాగడానికి చక్కెర నీళ్ళు పోసి వేలాడదీసే సీసా, దాని గురించి ఈ రివ్యూ. కడపలో మా మిద్దె మీద కొన్ని నెలలుగా వేలాడుతోంది కాబట్టి వాడి చూసే చెప్తున్నా. ఐదుకు రెండు స్టార్లు.

డబ్బా మీద బొమ్మలో ఉన్న ఆ రంగుల పిట్ట మన దగ్గరికి రాదు. హమ్మింగ్‌బర్డ్‌లు మూడు వందలకు పైగా రకాలున్నా అన్నీ అమెరికా ఖండాల్లోనే, మన దేశంలో ఒక్కటీ లేదు. 'మా పెరట్లో హమ్మింగ్‌బర్డ్' అని జనం పెట్టే ఫోటోల్లో ఉండేది మన తేనెపిట్టే. అమ్మేవాళ్ళు ఈ ముక్క రాసి ఉండాల్సింది, ఎందుకంటే తేడా వాడకంలోనే తగులుతుంది. హమ్మింగ్‌బర్డ్ గాల్లోనే నిలబడి తాగుతుంది కాబట్టి ఈ మోడల్‌కు వాలడానికి కడ్డీ పెట్టలేదు. తేనెపిట్ట కాసేపు రెక్కలాడిస్తూ నిలబడగలదు గానీ కుదురుగా తాగాలంటే కాళ్ళకు పట్టు కావాలి. కింద సన్నటి వెదురు పుల్ల కట్టాకే వచ్చి వాలింది.

అతుకు దగ్గర నీళ్ళు కారతాయి, దానికి చీమలు బారులు కడతాయి. చీమల్ని ఆపడానికి పైన నీళ్ళ గిన్నె ఇచ్చారు గానీ మన ఎండకు మధ్యాహ్నానికే ఎండిపోతుంది.

లోపల పోయాల్సింది చక్కెర ఒక వంతు, నీళ్ళు నాలుగు వంతులు, అంతే. తేనె, బెల్లం వద్దు, తొందరగా బూజు పడుతుంది. డబ్బాతో వచ్చిన ఎర్ర రంగు పొడి పారేయండి, పిట్టకు దాంతో పనే లేదు. ఎండాకాలంలో ఈ నీళ్ళు తొందరగా పులిసిపోతాయి, రోజూ వేడినీళ్ళతో కడగాలి, సీసా మూతి చూస్తే బ్రష్ దూరనంత ఇరుకు. రోజూ కడగడం కుదరనివాళ్ళు దయచేసి కొనొద్దు, చెడిపోయిన నీళ్ళతో పిట్టకు జబ్బు చేస్తుంది.

ఇక ఫోటోలు. ఎర్ర ప్లాస్టిక్ పక్కన పిట్ట ఎంత మంచి లెన్సుకైనా బాగుండదు. అదే మిద్దె మీద కుండీలో మందార దగ్గర చూడాలి! మగ తేనెపిట్ట కొమ్మ మీద వాలి, పువ్వు లోపలికి పోకుండా, అడుగున తొడిమ పక్కన వంకర ముక్కుతో గాటు పెట్టి అక్కణ్ణుంచే తేనె లాగేస్తుంది. నీడలో నల్లగా ఉన్నది కాస్తా తల తిప్పగానే మెడ మీద నీలం, ఊదా, పచ్చ మెరుస్తాయి. అది ఈకకు పట్టిన రంగు కాదు, ఈక లోపలి సన్నటి పొరల మీద వెలుగు ఆడే ఆట, అందుకే పొద్దున్నే, ఎండ మన వీపు వైపు నుంచి పడేలా నిలబడి తీయాలి. కెమెరా షట్టర్ వేగం 1/2000 సెకనుకి తగ్గితే ఫోటోలో రెక్కలు చెదురుతాయి. గూడు పెట్టే కాలం అయిపోయాక ఈ రకంలో మగది కూడా ఆడదానిలా వెలిసిపోయి, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్ల చార మిగులుతుంది, అదేదో వేరే పిట్ట అనుకోకండి.

గూడు ఫోటో కోసం కొమ్మలు విరిచేవాళ్ళంటే నాకు నిజంగా కోపం. సాలెగూటి దారాలతో, నారతో, ఎండుటాకులతో ఆడపిట్ట ఒక్కతే అల్లుకున్న సంచి అది. ఆకులు తీసేస్తే పిల్లలు ఎండకు మాడతాయి, కాకి కంట పడతాయి.

ఆ పిల్లలు పెరిగేది చక్కెర నీళ్ళతో కాదు, పురుగులతో, సాలీళ్ళతో. అవి ఉండాలంటే పొదలుండాలి, మందు కొట్టని చెట్లుండాలి. మన దగ్గర లేఔట్ వేస్తే ముందు జేసీబీతో పొదలన్నీ పీకేస్తారు. పనికిరానివనుకునే ఇలాంటి ముళ్ళపొదల్లోనే కదా, ఇక లేదనుకున్న కలివికోడి అనే అరుదైన పిట్ట 1986లో మన జిల్లాలోనే మళ్ళీ కనిపించింది, ఆ తర్వాతే లంకమల అభయారణ్యం వచ్చింది.

ఈ డబ్బుకు నర్సరీలో మందార, హమీలియా మొక్కలు నాలుగైదు వస్తాయి, నా సలహా అదే. మామిడి తోట ఉన్నవాళ్ళు బదనికను, అంటే చెట్టు కొమ్మల మీదే పాతుకుని పెరిగే మొక్కను, మొత్తం నరకకుండా ఒకటి రెండు చోట్ల వదలండి, దాని పూలంటే తేనెపిట్టలకు ప్రాణం. ఫీడర్ కొనే తీరాలనుకుంటే మాత్రం వాలే కడ్డీ ఉన్నది, చెయ్యి దూరేంత మూతి ఉన్నది చూసి కొనండి, వచ్చిన రోజే నీళ్ళు పోసి కారుతుందేమో చూసుకోండి, రిటర్న్ గడువు దాటితే తీసుకోరు.