ఇల్లు కట్టడమా, అద్దె కట్టడమా: బ్రిటన్‌కు ఏది మేలు?

2025 జూన్‌లో బ్రిటన్ ఆర్థిక మంత్రి రేచెల్ రీవ్స్ రాబోయే పదేళ్లలో పేద, దిగువ మధ్యతరగతి కుటుంబాల ఇళ్ల కోసం 3,900 కోట్ల పౌండ్లు కేటాయిస్తున్నట్టు ప్రకటించినప్పటి నుంచి, ఇక్కడి రాజకీయాలను గమనించే తెలుగు పాఠకులు నన్ను ఒకే ప్రశ్న రకరకాల మాటల్లో అడుగుతున్నారు. ప్రభుత్వమే ఇల్లు కట్టి తక్కువ అద్దెకు ఇవ్వడం మేలా, లేక మనిషి తనకు దొరికిన చోట ఇల్లు తీసుకుంటే ఆ అద్దెను ప్రభుత్వం కట్టడం మేలా? ఈ రెండింటి మధ్య వందేళ్లకు పైగా ఊగిసలాడిన దేశం కనుక బ్రిటన్ అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూడడానికి వీలుంది. ఒక్క తేడా మాత్రం ముందే చెప్పాలి. మన ఇందిరమ్మ ఇల్లు లబ్ధిదారుడి సొంతమవుతుంది. ఇక్కడి కౌన్సిల్ ఇల్లు ఎన్నేళ్లు ఉన్నా అద్దె ఇల్లే, యజమాని స్థానిక కౌన్సిలే. ఈ సంగతి మరచిపోతే కింది వాదమంతా తలకిందులవుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో క్రిస్టఫర్ ఆడిసన్ తెచ్చిన చట్టంతో కౌన్సిళ్లు పెద్ద ఎత్తున ఇళ్లు కట్టడం మొదలుపెట్టాయి. రెండో యుద్ధం తర్వాత లేబర్ మంత్రి అనైరిన్ బెవాన్ ఆ పనిని ఆరోగ్య సేవతో సమానంగా చూస్తే, ఆయన తర్వాత వచ్చిన కన్జర్వేటివ్ మంత్రి హెరాల్డ్ మాక్మిలన్ ఏడాదికి 3 లక్షల ఇళ్ల లక్ష్యాన్ని 1953లో అందుకుని చూపించాడు. ఇల్లు కట్టడం ఆ రోజుల్లో ఒక పార్టీ సిద్ధాంతం కాదని చెప్పడానికి ఈ పేరు చాలు. 1979 నాటికి ఇంగ్లండ్‌లో సుమారు మూడో వంతు కుటుంబాలు కౌన్సిల్ ఇళ్లలో ఉండేవి. ఆ మరుసటి ఏడాది థాచర్ ప్రభుత్వం అద్దెదారులకు భారీ రాయితీతో ఆ ఇళ్లు కొనుక్కునే హక్కు ఇచ్చింది. అమ్మగా వచ్చిన సొమ్ముతో మళ్లీ ఇళ్లు కట్టకుండా కౌన్సిళ్ల చేతులు కట్టేసింది. 1988 చట్టం ప్రైవేటు అద్దెలపై అదుపు ఎత్తివేసింది. అద్దెలు పెరిగితే పేదల గతేమిటని పార్లమెంటులో అడిగితే, ఆ భారాన్ని హౌసింగ్ బెనిఫిట్, అంటే పేదల అద్దెకు ప్రభుత్వమిచ్చే సాయం, మోస్తుందని 1991లో గృహనిర్మాణ మంత్రి సర్ జార్జ్ యంగ్ జవాబిచ్చాడు. ఆయన మాట అక్షరాలా నిజమైంది. ఇప్పుడు ఆ భారం ఏటా సుమారు 3,000 కోట్ల పౌండ్లు.

ఈ చర్చ సాధారణంగా ఇక్కడే, ఖర్చు దగ్గరే ఆగిపోతుంది. ఇల్లు కడితే ఆస్తి మిగులుతుంది, అద్దె కడితే ఏమీ మిగలదు, కాబట్టి కట్టడమే మేలని ఒక వర్గం తేల్చేస్తుంది. నా సానుభూతి ఆ వర్గం వైపే ఉన్నా, ఆ లెక్కతో మాత్రం నేను తృప్తి పడలేను. కౌన్సిల్ ఇంటిని మార్కెట్ అద్దెలో సగానికి ఇచ్చినప్పుడు ఆ మిగతా సగం కూడా ప్రభుత్వం వదులుకున్న ఆదాయమే, అంటే చెక్కు రాయకుండా ఇచ్చిన రాయితీయే. ఆ ఇల్లు కట్టిన స్థలానికీ, తెచ్చిన అప్పుకూ వడ్డీ ఉంటుంది. నిజాయితీగా లెక్క వేస్తే రెండు దారుల మధ్య అంతరం లండన్‌లో ఒకలా, ఈశాన్య ఇంగ్లండ్‌లో మరొకలా తేలుతుంది. కనుక ఖర్చు తీర్పు చెప్పలేదు. నా దృష్టిలో తీర్పు చెప్పేది వేరే ప్రశ్న: ఆ ఇంట్లో ఉన్న మనిషి మరో వంద పౌండ్లు సంపాదిస్తే అందులో ఎంత తన చేతిలో మిగులుతుంది?

ఒకే ఊళ్లో, ఒకే వయసు పిల్లలతో ఒంటరిగా బతుకు ఈడ్చే ఇద్దరు తల్లులను ఊహించుకుందాం. ఇద్దరూ పని చేస్తున్నారు, ఇద్దరికీ యూనివర్సల్ క్రెడిట్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవారికి అద్దె సాయాన్నీ కలిపి ప్రభుత్వమిచ్చే నెలవారీ సాయం, వస్తోంది. ఒకరు నెలకు 550 పౌండ్ల కౌన్సిల్ ఇంట్లో, మరొకరు 1,200 పౌండ్ల ప్రైవేటు ఇంట్లో ఉన్నారు. వాదన కోసం రెండో ఆమె అద్దె మొత్తాన్ని ప్రభుత్వమే భరిస్తోందనుకుందాం. యూనివర్సల్ క్రెడిట్ నియమం ప్రకారం, కొంత మినహాయింపు దాటాక చేతికొచ్చే ప్రతి పౌండు జీతానికీ సాయంలో 55 పెన్నీలు కోత పడుతుంది. 2021 వరకు అది 63 పెన్నీలు. అద్దెల మధ్య తేడా 650 పౌండ్లు కనుక, ఆ అదనపు సాయం మొత్తం కరిగిపోవాలంటే రెండో ఆమె నెలకు చేతికి మరో 1,182 పౌండ్లు సంపాదించాలి. ఆదాయపు పన్ను 20 శాతం, నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక భద్రత చందా 8 శాతం కట్టే స్థాయిలో ఆమె ఉంటే, అంత మొత్తం చేతికి రావాలంటే ఏడాది జీతం దాదాపు 19,700 పౌండ్లు పెరగాలి. అంతవరకూ, పెరిగిన ప్రతి వంద పౌండ్లలో 28 పన్నులకు పోయి, మిగిలిన 72లో 39 పౌండ్ల 60 పెన్నీలు సాయం కోతకు పోయి, ఆమెకు దక్కేది 32 పౌండ్ల 40 పెన్నీలే. ఆ ముప్పైరెండులోనే పెరిగిన పనిగంటలకు బస్సు ఛార్జీ, పిల్లల్ని చూసుకునే చోట తన వంతు రుసుము. కౌన్సిల్ ఇంటి ఆమె కూడా ఈ కోత మండలంలోనే బయల్దేరుతుంది. కానీ ఆమె దాన్ని అంత ముందుగా దాటేస్తుంది, దాటాక వందకు 72 తన దగ్గరే ఉంచుకుంటుంది.

సాయం తీసుకునేవారి బద్ధకం గురించి ఇక్కడి పత్రికలు ఏళ్లుగా రాస్తున్న సంపాదకీయాల్లో ఈ లెక్క ఎందుకు కనబడదో నాకు అర్థం కాదు. 2025 వేసవిలో వైకల్య భత్యాల కోతపై సొంత సభ్యులే తిరగబడి లేబర్ ప్రభుత్వాన్ని వెనక్కి తగ్గించినప్పుడు కూడా, పని చేయడం ఎందుకు గిట్టుబాటు కావడం లేదన్న చర్చ జబ్బుల చుట్టూనే తిరిగింది, అద్దె చుట్టూ తిరగలేదు. నిజానికి ఈ చిక్కును అందరికన్నా ముందు చూసినవాడు ఈ సంక్షేమ వ్యవస్థకు రూపశిల్పి అయిన విలియం బెవరిడ్జే. నాటి బెంగాల్‌లోని రంగపూర్‌లో పుట్టిన ఆ పెద్దమనిషి తన 1942 నివేదికలో మూడు ప్రత్యేక సమస్యలను విడిగా చర్చించాడు, వాటిలో ఒకటి అద్దె. తిండికీ బట్టకూ దేశమంతా ఇంచుమించు ఒకే ఖర్చు లెక్కగట్టవచ్చు, అద్దె మాత్రం ఊరికొక తీరు. అందరికీ ఒకే భత్యమిస్తే లండన్ వాడికి చాలదు, అసలు అద్దెనే ఇస్తే ఒకే అవసరమున్న ఇద్దరికి రెండు రకాల సాయం ఇచ్చినట్టవుతుంది. ఆయన దీన్ని పూర్తిగా విప్పలేకపోయాడు. ఆ తర్వాత వచ్చిన దశాబ్దాల్లో ఆ ముడి తక్కువ బాధించడానికి కారణం భత్యం తెలివిగా లెక్కించడం కాదు, లక్షల ఇళ్లలో అసలు అద్దే తక్కువగా ఉండడం.

అద్దె సాయం తరఫున చెప్పుకోదగ్గ వాదాలు రెండున్నాయి. మొదటిది వేగం. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి పనులు ఆగిపోయినప్పుడు అద్దె సాయం పరిమితులను కొద్ది వారాల్లో పెంచగలిగారు. కొత్త ఇంటికి అనుమతుల దగ్గర్నుంచి తాళం చెవి వరకు ఏళ్లు పడుతుంది. రెండోది కదలిక. కౌన్సిల్ ఇల్లు ఆ ఊరి జాబితా ప్రకారం వస్తుంది. ఇంగ్లండ్‌లో సుమారు 13 లక్షల కుటుంబాలు అలాంటి జాబితాల్లో నిరీక్షిస్తున్నప్పుడు, ఎన్నో ఏళ్లకు దక్కిన ఇంటిని వదులుకుని పని కోసం వేరే ఊరు వెళ్లి మళ్లీ వరస చివర నిలబడడానికి ఎవరు సాహసిస్తారు? 1981లో నిరుద్యోగం గురించి మాట్లాడుతూ మంత్రి నార్మన్ టెబిట్, తన తండ్రి 1930ల నాటి ఆర్థిక మాంద్యంలో సైకిలెక్కి పని వెతుక్కున్నాడని చెప్పిన మాట ఇక్కడ సామెతలా మిగిలిపోయింది. కౌన్సిల్ ఇల్లు ఆ సైకిల్‌కు తాళం వేస్తుందన్నది ఆనాటి స్వేచ్ఛామార్కెట్ ఆర్థికవేత్తల అభ్యంతరం. ఇది కొట్టిపారేయదగినది కాదు.

కానీ సైకిల్ దిగేచోట ఇల్లు ఉండాలి కదా. అద్దె సాయానికి స్థానిక పరిమితి ఉంటుంది. 2008లో ఆ ప్రాంతపు అద్దెల్లో నడిమి స్థాయి వరకు ఇచ్చేవారు. 2011 నుంచి దాన్ని కింది 30 శాతం ఇళ్ల అద్దె స్థాయికి దించారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి అసలు పెంచకుండా స్తంభింపజేశారు. 2024 ఏప్రిల్‌లో ఒకసారి సవరించి మళ్లీ ఆపేశారు. ఫలితంగా సాయం మీద బతికేవారు పనులున్న ఊళ్ల నుంచి అద్దె తక్కువున్న ఊళ్లకు జరుగుతున్నారు. అద్దె తక్కువున్న ఊళ్లలో పనులు కూడా తక్కువే. బ్లాక్‌పూల్ వెళ్లిన వారికి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు సెలవులకు వచ్చేవారు దిగిన సముద్రతీరపు అతిథి గృహాలు గదులుగా చీలిపోయి, హౌసింగ్ బెనిఫిట్ ఆదాయం మీదే నడుస్తున్నాయి. కాగితం మీద స్వేచ్ఛ ఇచ్చిన విధానం మనిషిని తీసుకెళ్లి ఉద్యోగాలు లేని ఒడ్డున దింపింది. పైగా బెనిఫిట్ తీసుకునేవారికి ఇల్లు ఇవ్వబోమని బాహాటంగా ప్రకటనల్లో రాసుకునే ఆచారం, అది చట్టవిరుద్ధమని 2020లో యార్క్ కోర్టు తేల్చేదాకా సాగింది.

ఈ దారికి చివరి మజిలీ తాత్కాలిక వసతి. ఇంగ్లండ్‌లో 2025 నాటికి అందులో ఉన్న కుటుంబాలు 1.3 లక్షలు దాటాయి. పిల్లలతో ఒకే గదిలో, వంట వసతి లేని చోట, ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియక బతకడం అన్నమాట. చట్టప్రకారం వారికి వసతి చూపాల్సిన కౌన్సిళ్లకు కేంద్రం తిరిగిచ్చే సొమ్మును మాత్రం 2011 నాటి రేట్ల మీదే లెక్కగడుతున్నారు. తక్కువపడిన భాగం గ్రంథాలయాల నుంచీ, వృద్ధుల సంరక్షణ నుంచీ తీసి కట్టాలి.

కౌన్సిల్ ఇళ్లకు మచ్చ లేదని నేను అనను. 1968లో తూర్పు లండన్‌లోని రోనన్ పాయింట్ టవర్ కట్టిన కొద్ది నెలల్లోనే ఒక మూల కూలి నలుగురు మరణించారు. 2017లో అగ్నిప్రమాదంలో 72 మందిని బలిగొన్న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ కూడా కౌన్సిల్ భవనమే. యజమాని ప్రభుత్వమైనంత మాత్రాన అద్దెదారు మాట వింటాడన్న హామీ ఏమీ లేదు. అంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. కొనుగోలు హక్కు కింద ఇంగ్లండ్‌లో సుమారు 20 లక్షల ఇళ్లు అమ్ముడయ్యాయి, వాటిలో చెప్పుకోదగ్గ భాగం ఇప్పుడు ప్రైవేటు యజమానుల చేతుల్లో అద్దెకు నడుస్తోంది. తాను కట్టి, చవగ్గా అమ్మిన ఇంటికే ప్రభుత్వం హౌసింగ్ బెనిఫిట్ రూపంలో ఎక్కువ అద్దె చెల్లిస్తున్న ఉదంతాలు కోకొల్లలు. ఆ హక్కు కొనసాగినంత కాలం ఎన్ని ఇళ్లు కట్టినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. స్కాట్లండ్ 2016లో, వేల్స్ 2019లో దాన్ని రద్దు చేశాయి. ఇంగ్లండ్ రాయితీలు తగ్గించడంతో సరిపెట్టుకుంది.

మిగతా దారుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అద్దె నియంత్రణ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాడికి మేలు చేస్తుంది, ఇల్లు వెతుక్కునేవాడికి కాదు. ఇల్లు కొనేవారికి ప్రభుత్వమిచ్చిన, 2013 నుంచి పదేళ్లు నడిచిన హెల్ప్ టు బై అప్పులు ఎలాగూ కొనగలిగేవారిని కాస్త ముందుగా, కాస్త పెద్ద ఇల్లు కొనేలా చేశాయి. పేదల ఇళ్ల చర్చలో దానికి చోటే లేదు.

ఇక్కడున్న తెలుగువారికి ఈ చర్చతో ఏం పనని అడిగినవారూ ఉన్నారు. విద్యార్థి వీసా, ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ప్రభుత్వ సాయం తీసుకునే హక్కు ఉండదు కనుక కౌన్సిల్ ఇల్లూ రాదు, అద్దె సాయమూ రాదు. అయితే ఈస్ట్‌హామ్‌లోనో స్లౌలోనో నలుగురు కలిసి వెతుక్కునే చవక ఇళ్ల కోసం, సాయం మీద ఆధారపడ్డ కుటుంబాలు కూడా అదే వీధిలో పోటీ పడుతున్నాయి. కౌన్సిల్ ఇళ్లు పెరిగి ఆ కుటుంబాలు అటు తరలితే మనవాళ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. అద్దె సాయం ఒక్కటే పెంచి ఇళ్లు పెంచకపోతే పోటీ ఇంకా తీవ్రమవుతుంది.

కాబట్టి నన్ను ఎంచుకోమంటే కట్టడమే ఎంచుకుంటాను, అదీ మార్కెట్ అద్దెలో 80 శాతం వరకు తీసుకోనిచ్చే 2011 నాటి పద్ధతిలో కాక, అంతకన్నా చాలా తక్కువుండే పాత సామాజిక అద్దెకే. రీవ్స్ ప్రకటించిన కొత్త పదేళ్ల పథకం, కట్టబోయే 3 లక్షల ఇళ్లలో కనీసం 60 శాతం అలాంటివే ఉండాలంటోంది. అంటే ఏడాదికి సగటున 18,000. నిరీక్షిస్తున్న 13 లక్షల కుటుంబాల ముందు అది చాలా చిన్న సంఖ్య. ఆ ఇళ్లు లేచేదాకా అద్దె సాయాన్ని స్తంభింపజేసి ఉంచడం మాత్రం రెండు దారులనూ ఒకేసారి మూసేయడమే. అందుకే కట్టడాన్ని సమర్థించే నేను, ఈ పదేళ్లపాటు సాయం పరిమితిని ఏటా అసలు అద్దెలతో పాటు సవరించాలనే అంటాను. అలా కట్టిన ఇళ్లు 35 ఏళ్లపాటు అమ్మకానికి పోకుండా మినహాయిస్తామని ప్రభుత్వం 2025లో చెప్పిన మాట చట్టంలోకి ఎక్కి, ఆ తర్వాత వచ్చే ప్రభుత్వాల చేతుల్లో కూడా నిలవాలి.