ఎర్రమట్టి దిబ్బలకు ప్యాకేజీ కారు వద్దు, భీమిలి బస్సు చాలు

విశాఖపట్నం చుట్టూ కొండ, నది, గాలి, సముద్రం కలిసి నేలను ఎలా మలిచాయో చూడాలని వెళ్ళేవారు ప్యాకేజీ కారు జోలికి పోవద్దు. 3,800 రూపాయలు చెల్లించుకుని వచ్చి చెబుతున్న మాట ఇది.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. భూస్వరూపాల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద బొమ్మలు గీసి నెట్టుకొస్తున్నాను కనుక, ఈ కార్తీకంలో మావారిని, వదినను వెంటబెట్టుకుని ప్రధానంగా భీమిలి దారిలో సముద్రం ఒడ్డున ఉన్న ఎర్రమట్టి దిబ్బల కోసమే బయలుదేరాను. అక్కడ కనీసం రెండు గంటలు కావాలని ప్యాకేజీ కారు సంస్థవాళ్ళను ఫోనులోనే అడిగాను. ‘తప్పకుండా మేడమ్, రోజంతా కారు మీదే’ అన్నారు. తీరా ఉదయం పూట కైలాసగిరి, ఆ తర్వాత ఎవరూ అడగని ఒక జీడిపప్పు దుకాణం. అక్కడ గంటకు పైగా నిలబెట్టారు. డ్రైవరు లోపలికి వెళ్ళి టీ తాగుతూ కూర్చున్నాడు. దిబ్బల దగ్గరకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ‘ఇరవై నిమిషాల్లో వచ్చేయండి మేడమ్, లోపల ఉన్నది మట్టే కదా’ అన్నాడు.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు అది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. అలాంటి చోటును చూపించి డబ్బులు తీసుకునేవాళ్ళకే అది మట్టి! సంస్థకు ఫోను చేస్తే, అదనపు సమయానికి గంటకు 300 అన్నారు. మావారు గొడవ ఎందుకని కారెక్కి కూర్చున్నారు. సాయంత్రం వరకూ నేను ఆయనతో మాట్లాడలేదు. వదిన మాత్రం అరకిలో జీడిపప్పు 620కి కొని సంతోషంగానే ఉంది. మర్నాడు పూర్ణా మార్కెట్‌లో అదే రకం 480 అని తెలిశాక ఆమె కోపం నా కోపాన్ని మించిపోయింది.

రెండోసారి తెల్లవారుజామునే భీమిలి వెళ్ళే సిటీ బస్సులో వెళ్ళాం. మహిళలకున్న స్త్రీశక్తి పథకం కింద నాకూ వదినకూ ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. మావారికి మాత్రం టికెట్టు 40 రూపాయలు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర దింపమంటే కండక్టరు గుర్తుపెట్టుకుని మరీ దింపాడు.

ఉదయపు ఏటవాలు ఎండలోనే ఆ నేల చదవడానికి వీలుగా ఉంటుంది. తూర్పు కనుమల్లోని ఖొండలైటు అనే రాయి వానకూ ఎండకూ శిథిలమై, ఇసుకై, వాగుల వెంట సముద్రం చేరింది. అలలు దాన్ని ఒడ్డుకు తోశాయి. చివరి మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా 100 మీటర్లకు పైగా దిగిపోయినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి లోపలికి తెచ్చి దిబ్బలుగా పోసింది. ఆ ఇసుకలో ఉన్న గార్నెట్ లాంటి ఖనిజాల్లోని ఇనుము తుప్పుపట్టి రేణువులకు ఎర్రని పూతగా అంటుకుంది. అలా తయారైన దిబ్బలను ఇప్పుడు వాన కోస్తోంది. సుమారు 5 కిలోమీటర్ల పొడవున కనిపించే ఆ లోతైన గండ్లన్నీ వాననీటి పనే.

మొంథా తుపాను వానలు పడి ఎన్నాళ్ళో కాలేదు కనుక గోడలన్నీ కొత్తగా కోసుకుపోయి ఉన్నాయి. దువ్వెనతో దువ్వినట్టు పైనుంచి కిందికి సన్నని చాళ్ళు. చిన్న గులకరాయి ఉన్నచోట దాని కింది మట్టి మాత్రం కరగకుండా బొటనవేలంత స్తంభంగా నిలిచింది. ఒకచోట గోడలోంచి తెల్లని గొట్టం పొడుచుకొచ్చి ఉంటే వదిన ఎముకేమోనని వెనక్కి జరిగింది. ఎముక కాదు. ఒకప్పుడు అక్కడ పెరిగిన మొక్క వేరు చుట్టూ సున్నం పేరుకుని గట్టిపడింది, వేరు కుళ్ళిపోయాక ఆ తొడుగు మిగిలింది. అది చెప్పాక వదిన అలాంటివి వెతుక్కుంటూ మాకంటే ముందు నడిచింది. మావారు కూడా ఇక గడియారం చూడలేదు.

ఎనిమిది దాటగానే పెళ్ళి ఫొటోల బృందాలు దిగాయి. పై అంచున నిలబెట్టి ఫొటో తీయడానికి వధూవరులను గోడ మీదుగా ఎక్కిస్తున్నారు. ప్రతి అడుగుకూ మట్టి పెళ్ళలు రాలుతున్నాయి. గోడల మీద చెక్కిన పేర్లకైతే లెక్కే లేదు. గాలి మళ్ళీ అలాంటి దిబ్బను పోయాలంటే వేల ఏళ్ళు పడుతుంది. దయచేసి గండ్ల అడుగునే నడవండి.

భీమిలి నుంచి తిరుగు దారిలో మంగమారిపేట దగ్గర దిగి రాతి తోరణం చూడండి, కారువాళ్ళ పట్టికలో అది ఉండదు. రాతిలో బలహీనంగా ఉన్న భాగాన్ని అలలు తొలిచేస్తే పైభాగం కమానులా మిగిలింది. ఆటు సమయం కనుక్కుని వెళ్తేనే కిందిదాకా పోగలరు. పోటు మీద ఉన్నప్పుడు సాహసం చేయకండి.

భీమిలిలో మధ్యాహ్నం చిన్న మెస్‌లో భోజనం 120, వంజరం ముక్క వేసిన పులుసు మరో 150. మామిడికాయ పులుపుతో అంత మంచి చేపల పులుసు ఈ మధ్య తినలేదు. వడ్డించినావిడ మళ్ళీ మళ్ళీ అడిగి పోసింది. అక్కడికి దగ్గర్లోనే గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. అంతకుముందు రైల్లో వెళ్ళి సాఫీగా చూసొచ్చిన బొర్రా గుహల సున్నపురాయిని కరిగించిందీ ఈ నీరే.

మేం దిగిన లాడ్జి ఆర్కే బీచ్ దగ్గర, అద్దె 1,650. గది శుభ్రంగానే ఉంది. అక్కడి ఇసుక గురించి ఒక్క మాట. ఈ తీరంలో ఇసుక ఏడాది మొత్తమ్మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1976లో వచ్చిన విశాఖ పోర్టు బాహ్య హార్బరు గోడలు ఆ కదలికకు అడ్డుపడటంతో ఉత్తరాన ఉన్న బీచ్ కోతకు గురవుతోంది. హార్బరు దగ్గర పేరుకున్న ఇసుకను తవ్వి మళ్ళీ బీచ్ మీద పోస్తున్నది అందుకే. దిబ్బలు చూసి వచ్చినవాళ్ళు సాయంత్రం అక్కడ నిలబడితే ఆ లెక్క సులువుగా అర్థమవుతుంది.

బస్సు రోజున ముగ్గురికీ భోజనాలతో కలిపి 1,000 కూడా దాటలేదు. తొమ్మిదిన్నర దాటితే దిబ్బల్లో నీడ దొరకదు, మంచినీళ్ళూ దొరకవు. మనిషికి రెండు సీసాలు పట్టుకెళ్ళండి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి.